యాసిడ్ నీళ్లకు ఏ మెంబ్రేన్ పెట్టాలి? పికిలింగ్, ప్లేటింగ్, అనోడైజింగ్ యూనిట్లకు ఎంపిక సలహా

ఇనుముకు జింక్ పూత వేసే గాల్వనైజింగ్ షెడ్డులో అడుగు పెట్టగానే యాసిడ్ సంగతి ముందు ముక్కుకే తెలుస్తుంది. తుప్పు వదిలేలా సరుకును యాసిడ్‌లో ముంచే పికిలింగ్ ట్యాంకు, పక్కనే ఆ సరుకును నీళ్లతో కడిగే రిన్స్ ట్యాంకు, దాని అంచు మీదుగా పొర్లి కాలువలోకి పోయే లేత ఆకుపచ్చ నీళ్లు. కాసేపు గాలి తగిలితే చాలు, కాలువ అంచులన్నీ తుప్పు రంగు తిరుగుతాయి. ఆ కాలువ పక్కన నిలబడే ఓనర్లు నన్ను అడుగుతుంటారు: "దీనికి ఆర్వో పెట్టిస్తే గొడవ వదులుతుంది కదా?"

ఎఫ్లుయెంట్ ప్లాంట్ల పనిలో ఉన్నవాడిగా ఆ ప్రశ్నకు నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీకు వెనక్కి కావలసింది నీళ్లా, యాసిడా, లోహమా? మెంబ్రేన్, అంటే ఆర్వో లోపలి వడపోత పొర, దేన్నీ మాయం చేయదు. ఒక నీటిని రెండుగా విడదీస్తుంది, అంతే. అందులో ఏ సగం మీకు పనికొస్తుంది, రెండో సగం ఎక్కడికి పోతుంది అన్నది తేలకుండా ఏ కంపెనీ మెంబ్రేన్ మంచిదని ఆలోచించడం డబ్బు దండగ.

కొటేషన్ కంటే ముందు తేల్చుకోవలసినవి

మొదటిది, పీహెచ్ ఒక్కటే చూసి మోసపోవద్దు. పీహెచ్ 2 ఉన్న నీళ్లలో స్వేచ్ఛగా, అంటే లోహంతో కలవకుండా ఉన్న యాసిడ్‌ను మాత్రమే లెక్కేస్తే, వెయ్యి లీటర్లను తటస్థం చేయడానికి 370 గ్రాముల స్వచ్ఛమైన తడి సున్నం చాలు. పీహెచ్ 1 అయితే దానికి పది రెట్లు, 3.7 కిలోలు. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. కానీ ఆ నీళ్లలో లీటరుకు ఒక గ్రాము ఇనుము కరిగి ఉంటే, ఆ ఇనుమును మడ్డిగా అడుక్కి దించడానికే వెయ్యి లీటర్లకు మరో 1.3 కిలోల సున్నం తాగుతుంది. పీహెచ్ 2 నీళ్లలో యాసిడ్ కంటే ఇనుమే మూడు రెట్లకు పైగా సున్నం తింటుందన్నమాట. అందుకే ల్యాబ్‌కి శాంపిల్ పంపేటప్పుడు "పీహెచ్, టీడీఎస్" అని రాసి వదిలేయకండి. మొత్తం యాసిడిటీ, ఇనుము, జింక్, సల్ఫేట్, క్లోరైడ్, కాల్షియం, ఆయిల్ అన్నీ అడగండి. ఒక్క రోజు శాంపిల్ కాదు, యాసిడ్ మార్చిన రోజుది, మామూలు రోజుది రెండూ ఇవ్వండి.

రెండోది, ఏ యాసిడ్ అన్నది. సల్ఫ్యూరిక్ యాసిడ్‌కి సున్నం వేస్తే జిప్సం పుడుతుంది. ఒక శాతం సల్ఫ్యూరిక్ ఉన్న వెయ్యి లీటర్ల నీళ్లకు ఏడున్నర కిలోల సున్నం పడుతుంది, పుట్టే జిప్సం ఎండు లెక్కలో 17.5 కిలోలు. దానిలో రెండు కిలోల పైచిలుకు నీళ్లలోనే కరిగి ఉండిపోతుంది. హైడ్రోక్లోరిక్‌కి సున్నం వేస్తే యాసిడ్ వాటాకు స్లడ్జ్ ఉండదు, కాల్షియం క్లోరైడ్‌గా మొత్తం కరిగిపోయి టీడీఎస్‌గా మారుతుంది. ఒక శాతం యాసిడ్‌కి లీటరుకు 15 గ్రాములు! నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపి వాడే స్టెయిన్‌లెస్ స్టీల్ పికిలింగ్ అయితే కథ ఇంకో మలుపు తిరుగుతుంది, కింద చెబుతాను.

మూడోది, యాసిడ్ కాక ఇంకేం ఉంది. డీగ్రీజింగ్ (జిడ్డు కడగడం) నుంచి జారి వచ్చే నూనె, యాసిడ్ ఇనుమును తినేయకుండా పికిలింగ్‌లో కలిపే ఇన్హిబిటర్ మెంబ్రేన్ మీద పొరలా అతుక్కుంటాయి. బల్క్ డ్రగ్ యూనిట్లలో సాల్వెంట్లు ఉంటాయి. డీఎంఎఫ్ అనే సాల్వెంట్ సంగతి గుర్తుంచుకోండి: చాలా ఆర్వో, నానో పొరలకు వెన్నెముకగా ఉండే పాలీసల్ఫోన్ దానిలో కరిగిపోతుంది.

నాలుగోది రిజెక్ట్, అంటే మెంబ్రేన్ దాటకుండా వెనక మిగిలే చిక్కటి నీళ్లు. దాన్ని కొటేషన్‌లో ఆఖరి పేజీలో ఒక లైన్‌లో రాస్తారు. మీరు మాత్రం మొదటి పేజీలో చదవండి. ఉమ్మడి శుద్ధి ప్లాంటుకు పంపాలన్నా నీళ్ల పీహెచ్ ఆ ప్లాంటుకు పెట్టిన పరిధిలో ఉండాలి. వాగులోకో చెరువులోకో వదలాలన్నా పీహెచ్‌కి పరిధి ఉంది, దాని మీద లీటరుకు ఇనుము 3, జింక్ 5, నికెల్ 3, మొత్తం క్రోమియం 2, హెక్సావాలెంట్ క్రోమియం 0.1 మిల్లీగ్రాములు దాటకూడదు. రిజెక్ట్‌లో ఇవన్నీ మూడు నాలుగు రెట్లు చిక్కబడి ఉంటాయి.

ఇంకో మాట, ఇది సలహా కాదు, హెచ్చరిక. ప్లేటింగ్ షాపులో సయనైడ్ బాత్ ఉంటే ఆ లైన్ నీళ్లూ యాసిడ్ లైన్ నీళ్లూ ఒకే సంపులో కలవకూడదు. కలిస్తే హైడ్రోజన్ సయనైడ్ గ్యాస్ పుడుతుంది, మనిషి ప్రాణం నిమిషాల్లో పోతుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్లు యాసిడ్‌లో పడితే క్లోరిన్ వస్తుంది. మెంబ్రేన్ గురించి మాట్లాడే ముందు నేల కింద పైపులు ఏది ఎక్కడికి పోతోందో ఒకసారి రంగు నీళ్లు పోసి చూసుకోండి. పాత షెడ్లలో డ్రాయింగ్‌లో ఒకటి, నేల కింద ఇంకొకటి ఉంటాయి.

అసలు మెంబ్రేన్ అక్కర్లేకపోవచ్చు

ఇది చాలామందికి చెప్పాను, కొందరే విన్నారు. పికిలింగ్ నుంచి పైకి లేచిన సరుకుతో పాటు ఒక లీటరు యాసిడ్ రిన్స్‌లోకి జారిందనుకోండి. దాన్ని వెయ్యి రెట్లు పల్చన చేయాలంటే ఒకే ట్యాంకులో వెయ్యి లీటర్ల నీళ్లు పారాలి. రెండు ట్యాంకులు పెట్టి, సరుకు ఒక దిక్కు వెళ్తుంటే నీళ్లు ఎదురు దిక్కు పారిస్తే 32 లీటర్లు చాలు. మూడు ట్యాంకులైతే పది. ఇది కాగితం లెక్క, షెడ్డులో కొంచెం ఎక్కువే పడుతుంది, అయినా తేడా ఎంతో చూడండి.

అప్పుడు మొదటి రిన్స్ ట్యాంకులో నీళ్లు చిక్కగా, పీహెచ్ 1 దగ్గర ఉంటాయి. అది చూసి భయపడతారు గానీ, ఆ నీళ్లకు ఇంట్లోనే చోటుంది. బజారులో దొరికే హైడ్రోక్లోరిక్ సుమారు 30 నుంచి 33 శాతం ఉంటుంది, పికిలింగ్‌కి దాన్ని 12 నుంచి 15 శాతానికి పల్చన చేస్తారు. ఆ పల్చన చేసే నీళ్లు బోరు నీళ్లే ఎందుకు కావాలి? రిన్స్ నీళ్లు పోయవచ్చు. కొన్ని చిన్న యూనిట్లకు దీంతోనే రిన్స్ నీళ్ల గొడవ చాలావరకు సర్దుకుంటుంది. బాత్‌లో ఇనుము త్వరగా పేరుకుంటుంది కాబట్టి ఆ పరీక్ష మాత్రం క్రమం తప్పకుండా చేయాలి.

ఇది చేశాక కూడా నీళ్లు మిగులుతుంటే అప్పుడు మెంబ్రేన్ దగ్గరికి వద్దాం.

మార్గం 1: ముందు తటస్థం చేసి, తర్వాత ఆర్వో

ఎక్కువమంది ఎంచుకునేది, చాలా సందర్భాల్లో నేనూ చెప్పేది ఇదే. సున్నమో కాస్టిక్ సోడానో వేసి పీహెచ్ పెంచి, లోహాలను దించి, ఫిల్టర్ ప్రెస్‌లో స్లడ్జ్ తీసి, తేరిన నీళ్లను ఆర్వోకి పంపడం. ఆర్వో నుంచి వచ్చే నీళ్లు రిన్స్‌కో బాయిలర్‌కో కూలింగ్ టవర్‌కో వెళ్తాయి. మామూలు పాలీఅమైడ్ మెంబ్రేన్ సరిపోతుంది, ఎక్కడైనా దొరుకుతుంది, బాగుచేసే మనుషులూ దొరుకుతారు. ఈ చివరి మాట తేలిక కాదు. అర్ధరాత్రి ప్లాంటు ఆగితే ఎవరు వస్తారన్నది కూడా ఎంపికలో భాగమే.

చిక్కు రెండు చోట్ల వస్తుంది. సల్ఫ్యూరిక్ నీళ్లకు సున్నం వేశారంటే ఆ నీళ్లు జిప్సంతో అప్పటికే నిండిపోయి ఉంటాయి. జిప్సం నీళ్లలో లీటరుకు రెండు గ్రాముల పైచిలుకే కరుగుతుంది. ఆర్వో నీళ్లను చిక్కబరుస్తుంది కాబట్టి చివరి ఎలిమెంట్లలో (మెంబ్రేన్ చుట్టిన గొట్టాల్లో) జిప్సం రాయిలా గట్టిపడుతుంది, యాసిడ్ పెట్టి కడిగినా పెద్దగా కదలదు. ఆర్వో పెట్టే ఉద్దేశం ఉంటే సల్ఫ్యూరిక్ నీళ్లకు కాస్టిక్ వాడండి, లేదా సున్నం తర్వాత సోడా యాష్‌తో కాల్షియం దించండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. దక్షిణాఫ్రికాలోని ఎమలాలెనిలో బొగ్గు గనుల నుంచి ఊరే ఆమ్లపు నీళ్లను 2007 నుంచి ఇలాగే సున్నంతో తటస్థం చేసి, అల్ట్రాఫిల్ట్రేషన్, ఆర్వోల మీదుగా నడిపి ఊరికి తాగునీరు ఇస్తున్నారు. వాళ్లు ఒక ఆర్వో దశకూ ఇంకో దశకూ మధ్యలో రిజెక్ట్ నుంచి జిప్సం దించేస్తారు. పెద్ద ప్లాంటుకు అది సాధ్యం. రోజుకు పది వేల లీటర్ల షాపుకు కాస్టిక్ డ్రమ్ములే నయం.

హైడ్రోక్లోరిక్‌కి జిప్సం బెడద లేదు, కానీ ఉప్పు పీడనం ఉంది. పైన చెప్పిన లీటరుకు 15 గ్రాముల కాల్షియం క్లోరైడ్ నీళ్లు ఆర్వోని సుమారు 10 బార్లతో వెనక్కి నెడతాయి. 75 శాతం రికవరీ, అంటే వందలో 75 లీటర్లు శుభ్రమై వెనక్కి కావాలంటే రిజెక్ట్ వైపు 60 గ్రాములు, 40 బార్లు. కాస్త ఉప్పగా ఉండే నీళ్లకు పెట్టే మామూలు బ్రాకిష్ ఆర్వో పంపు అక్కడ చేతులెత్తేస్తుంది. సగం నీళ్లు వెనక్కి వస్తే చాలనుకుంటే 20 బార్ల దగ్గర ఆగవచ్చు. "90 శాతం రికవరీ గ్యారంటీ" అని ఎవరైనా అంటే, ఏ టీడీఎస్ దగ్గర అని అడగండి.

రెండో చిక్కు ఇనుము, దాని దెబ్బ నేను దగ్గర్నుంచి చూశాను. ఒక యూనిట్‌లో ఆర్వో పెట్టిన ఆరు నెలలకే నీళ్లు రావడం సగానికి పడిపోయింది. మెంబ్రేన్ నాసిరకమని ఓనరు గట్టిగా నమ్మాడు. ఒక ఎలిమెంట్ బయటికి తీసి, పైనున్న ఫైబర్ గ్లాస్ తొడుగు హ్యాక్సా బ్లేడుతో కోసి, లోపలి ఆకులు నేల మీద పరిచాం. ఆకు ఆకుకీ తుప్పు రంగు జిగురు. వేలితో గీస్తే వెన్నలా వచ్చింది, కింద పొర తెల్లగా, చెక్కుచెదరకుండా ఉంది. తప్పు మెంబ్రేన్‌ది కాదు. సున్నం వేసి పీహెచ్ 7.5కి తెచ్చారు గానీ గాలి కొట్టలేదు. పికిలింగ్ నీళ్లలో ఉండేది ఫెర్రస్ ఇనుము, అది పూర్తిగా దిగాలంటే పీహెచ్ 9 దాకా పోవాలి. ఫెర్రిక్‌గా మారితే మాత్రం పీహెచ్ 4 లోపే దిగిపోతుంది. సగం ఇనుము కరిగిన రూపంలోనే ఫిల్టర్లు దాటి, మెంబ్రేన్ మీదికి చేరాక తుప్పు అయింది. బ్లోయర్ పెట్టి, పీహెచ్ 8.5 చేసి, తేరడానికి టైమ్ ఇచ్చాక, మిగతా ఎలిమెంట్లను సిట్రిక్ యాసిడ్‌తో కడిగి అవే మళ్లీ ఎక్కించాం. కొత్తవి కొనలేదు.

మార్గం 2: యాసిడ్ నీళ్ల మీదే నేరుగా ఆర్వో

వింతగా అనిపిస్తుంది గానీ దీనిలో ఒక సుగుణం ఉంది. పీహెచ్ 3 కంటే కింద ఇనుము కరిగే ఉంటుంది, మెంబ్రేన్ మీద పేరుకోదు. మామూలు పాలీఅమైడ్ పొరలను పీహెచ్ 2 నుంచి 11 మధ్య నిరంతరం నడపవచ్చని చాలా తయారీదారులు రాసిస్తారు, కడిగేటప్పుడు కాసేపు 1 దాకా పోవచ్చు. కానీ లెక్క రిజెక్ట్ వైపు చూడాలి. నీళ్లు నాలుగు రెట్లు చిక్కబడితే పీహెచ్ ఉన్నదాని కంటే 0.6 మేర తగ్గుతుంది. ఫీడ్, అంటే లోపలికి వెళ్లే నీళ్లు, 2.5 ఉంటే చివరి ఎలిమెంట్ 1.9 చూస్తుంది, అంటే గీత దాటినట్టే. యాసిడ్ పొరలోని అమైడ్ బంధాన్ని మెల్లగా కొరుకుతుంది. మొదట ఏమీ తెలియదు, తర్వాత నీళ్లు ఎక్కువ రావడం మొదలవుతుంది, ఓనరు సంతోషపడతాడు, ఆ వెంటే పర్మియేట్ (పొర దాటి వచ్చే నీళ్ల) కండక్టివిటీ, అంటే ఉప్పు ఆనవాలు, ఎక్కడం మొదలవుతుంది.

ఇంకోటి, పర్మియేట్ కూడా పుల్లగానే వస్తుంది. హైడ్రోజన్ అయాన్ చిన్నది, సందు దొరికితే జారిపోతుంది. అసెటిక్, హైడ్రోఫ్లోరిక్ లాంటి బలహీన ఆమ్లాలు తక్కువ పీహెచ్‌లో విడిపోకుండా అణువుగానే ఉండి పొరను దాటేస్తాయి. నీళ్లు పికిలింగ్ తర్వాతి మొదటి రిన్స్‌కే వెళ్తాయనుకుంటే ఈ పులుపుతో నష్టం లేదు. బాయిలర్‌కి మాత్రం వద్దు.

నైట్రిక్ బలంగా ఉన్నా, క్రోమిక్ యాసిడ్ ఉన్నా, క్లోరిన్ ఆనవాళ్లున్నా పాలీఅమైడ్ దగ్గరికి పోకండి. అవి పొరను ఆక్సీకరించి పాడుచేస్తాయి.

మార్గం 3: యాసిడ్‌ని తట్టుకునే నానోఫిల్ట్రేషన్

ఇక్కడ ఆట మారుతుంది. దీని ఉద్దేశం నీళ్లు శుభ్రం చేయడం కాదు, యాసిడ్‌ని లోహాల నుంచి విడదీయడం. బాగా తక్కువ పీహెచ్‌లో పొర పైభాగం ధన విద్యుదావేశంతో ఉంటుంది. రాగి, నికెల్, అల్యూమినియం, ఇనుము లాంటి రెండు మూడు ఆవేశాల లోహాలను అది వెనక్కి నెడుతుంది, యాసిడ్‌ని వదిలేస్తుంది. సల్ఫ్యూరిక్ విషయంలో ఇంకో అనుకూలం: పీహెచ్ 2 కంటే కింద సల్ఫేట్ ఎక్కువగా బైసల్ఫేట్‌గా, అంటే ఒక్క ఆవేశంతో ఉంటుంది కాబట్టి అది కూడా సులభంగా దాటుతుంది. అటు పక్క లోహం తగ్గిన యాసిడ్, ఇటు పక్క లోహం చిక్కబడిన యాసిడ్.

మామూలు నానో మెంబ్రేన్ దీనికి పనికిరాదు. సల్ఫోనమైడ్ లాంటి రసాయనంతో, పీహెచ్ 0 దగ్గర కూడా నిలిచేలా చేసినవి అడగాలి. ఖరీదు ఎక్కువ, తయారీదారులు తక్కువ, సరుకు రావడానికి సమయం పడుతుంది. పొర తట్టుకున్నంత మాత్రాన సరిపోదు కూడా. ఎలిమెంట్ లోపల అంటించిన జిగురు, నడిమి గొట్టం, ఓ రింగులు, అన్నిటికంటే హై ప్రెషర్ పంపు ఆ యాసిడ్‌ని తట్టుకోవాలి. 316 స్టీల్ పంపు హైడ్రోక్లోరిక్ ముందు నిలవదు. మెంబ్రేన్‌కి గ్యారంటీ ఇచ్చి పంపు సంగతి ఎత్తని కొటేషన్ సగం కొటేషనే.

లోహానికి విలువ ఉంటే, రాగి, నికెల్ లాంటివి ఉంటే, దీనికి అర్థం ఉంది. ఒట్టి ఇనుము కోసం ఇంత ఖర్చు నేను సిఫారసు చేయను.

మార్గం 4: డిఫ్యూజన్ డయాలిసిస్

నాకు చాలా నచ్చిన పద్ధతి, ఇంకా ఎక్కువ షాపుల్లో కనపడాలని కోరుకునే పద్ధతి. ప్రెషర్ లేదు, కరెంటు దాదాపు లేదు, చిన్న పంపులు రెండు చాలు. పేర్చిన పొరల మధ్య ఒక వైపు వాడేసిన యాసిడ్, ఇంకో వైపు ఎదురు దిక్కులో మంచినీళ్లు మెల్లగా పారుతాయి. పొర ఆనయాన్ రకం, రుణావేశం ఉన్నవాటినే దాటనిస్తుంది, ధనావేశం ఉన్న లోహాలను ఆపుతుంది. హైడ్రోజన్ అయాన్ మాత్రం చిన్నది కావడంతో యాసిడ్‌తో కలిసి దాటిపోతుంది. స్వేచ్ఛా యాసిడ్‌లో 80 నుంచి 90 శాతం దాకా వెనక్కి తీసుకోవచ్చు, అదీ దాదాపు అదే చిక్కదనంతో.

దీని బలహీనత నిదానం. ఒక చదరపు మీటరు పొర గంటకు సుమారు ఒక లీటరు పని చేస్తుంది, ఆర్వో అదే విస్తీర్ణంలో పదిహేను ఇరవై లీటర్లు లాగుతుంది. అందుకే ఇది రిన్స్ నీళ్లకు కాదు, డ్రమ్ముల్లోకి పోయే చిక్కటి యాసిడ్‌కి.

అల్యూమినియం మీద ఆక్సైడ్ పూత కట్టించే అనోడైజింగ్ వాళ్లకు ఇది అతికినట్టు సరిపోతుంది. బాత్‌లో 15 నుంచి 20 శాతం సల్ఫ్యూరిక్, దానిలో పేరుకునే అల్యూమినియం. అల్యూమినియం పెరిగిందని మంచి యాసిడ్ మొత్తం పారబోసే బదులు, రోజూ కొంచెం తీసి పొరల మీదుగా తిప్పితే బాత్ ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది, రంగు కూడా నిలకడగా వస్తుంది. ఇదే పనికి రెజిన్‌తో నడిచే యాసిడ్ రిటార్డేషన్ యూనిట్లూ ఉన్నాయి, రెండు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

గాల్వనైజింగ్ వాళ్లు మాత్రం ఒక్క విషయం సరిచేసుకోకుండా దీని జోలికి రాకూడదు: జింక్. బలమైన హైడ్రోక్లోరిక్‌లో జింక్ క్లోరైడ్‌తో కలిసి రుణావేశం తెచ్చుకుంటుంది, యాసిడ్‌తో పాటే పొరను దాటుతుంది. తప్పుపడిన సరుకు మీద జింక్ పూతను అదే పికిలింగ్ ట్యాంకులో ఊడదీసే అలవాటు చాలా చోట్ల ఉంది. దానికి వేరే చిన్న ట్యాంకు పెట్టండి. అప్పుడు పికిలింగ్ యాసిడ్‌లో ఇనుమే ప్రధానంగా ఉంటుంది, ఫెర్రస్ ఇనుమును ఈ పొర బాగానే ఆపుతుంది. జింక్ లేని వాడేసిన హైడ్రోక్లోరిక్‌ని ఫెర్రిక్ క్లోరైడ్ తయారుచేసే అనుమతి ఉన్న యూనిట్లు కూడా తీసుకుంటాయి. మెంబ్రేన్ కొన్నా కొనకపోయినా ఈ ట్యాంకు మార్పు లాభమే.

యాసిడ్ పోయాక మిగిలిన లోహపు ద్రవంలో మొదటి స్వేచ్ఛా యాసిడ్‌లో పదో ఇరవయ్యో శాతం ఉండిపోతుంది. దానికి సున్నం తప్పదు, స్లడ్జ్ తప్పదు. కాకపోతే బాగా తక్కువ.

తక్కిన మూడు, క్లుప్తంగా

బైపోలార్ ఎలక్ట్రోడయాలిసిస్ కరెంటుతో ఉప్పు నీళ్లను తిరిగి యాసిడ్‌గా, కాస్టిక్‌గా విడగొడుతుంది. వినడానికి ఎంతో బాగుంటుంది. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము దాదాపు సున్నా దాకా తీసేస్తే తప్ప పొరల్లోనే హైడ్రాక్సైడ్ గట్టిపడుతుంది, కరెంటు కూడా గట్టిగా తాగుతుంది. చిన్న షాపుకు ఇది కాదు.

మెంబ్రేన్ డిస్టిలేషన్‌లో వేడి నీళ్ల ఆవిరి మాత్రమే నీటిని అంటించుకోని పొరను దాటుతుంది. సల్ఫ్యూరిక్ ఆవిరి కాదు కాబట్టి వెనకే చిక్కబడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆవిరిగా మారి నీళ్లతో పాటే దాటుతుంది. 60, 70 డిగ్రీల వేడి ఊరికే పోతున్న చోట ఆలోచించవచ్చు. డీగ్రీజింగ్ సబ్బు కాస్త కలిసినా పొర తడిసి పని ఆగిపోతుంది.

సెరామిక్ మెంబ్రేన్ యాసిడ్‌కి జంకదు, ఒక్క హైడ్రోఫ్లోరిక్‌కి తప్ప. కానీ అది ఆపేది నూనెను, మడ్డిని. కరిగిన యాసిడ్‌నీ ఇనుమునూ ఆపదు. "సెరామిక్ పెడితే ఆర్వో అక్కర్లేదు" అన్న మాట వింటే అక్కడితో మీటింగ్ ముగించవచ్చు.

| మార్గం | వెనక్కి వచ్చేది | మిగిలేది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|
| తటస్థం చేసి ఆర్వో | నీళ్లు | స్లడ్జ్, ఉప్పు రిజెక్ట్ | జిప్సం, ఫెర్రస్ ఇనుము, టీడీఎస్ |
| నేరుగా ఆర్వో | కాస్త పుల్లని నీళ్లు | చిక్కటి యాసిడ్ నీళ్లు | పీహెచ్ 2 గీత, ఆక్సీకరణులు |
| యాసిడ్ నానో | లోహం తగ్గిన యాసిడ్ | లోహం చిక్కబడిన యాసిడ్ | ఖరీదు, పంపు, ఓ రింగులు |
| డిఫ్యూజన్ డయాలిసిస్ | చిక్కటి యాసిడ్ | కొద్ది యాసిడ్‌తో లోహ ద్రవం | జింక్, ఇన్హిబిటర్, నిదానం |
| బైపోలార్ | యాసిడ్, కాస్టిక్ | పల్చని ఉప్పు నీళ్లు | కాల్షియం, ఇనుము, కరెంటు బిల్లు |
| డిస్టిలేషన్ | నీళ్లు | చిక్కటి సల్ఫ్యూరిక్ | సబ్బు, హైడ్రోక్లోరిక్ |

మీరెవరో బట్టి

రోజుకు అయిదారు వేల లీటర్ల రిన్స్ నీళ్లున్న జింక్ ప్లేటింగ్ షాపు అయితే: ముందు రెండు మూడు ట్యాంకుల ఎదురు రిన్స్, మిగిలిన నీళ్లకు కాస్టిక్, గాలి, ఫిల్టర్ ప్రెస్. ఆ తర్వాత నీళ్ల కొరత నిజంగా ఉంటేనే చిన్న ఆర్వో. ట్యాంకర్ నీళ్లు కొంటున్న వాళ్లకు అది త్వరగా గిట్టుబాటవుతుంది. బోరు బాగా ఉన్నవాళ్లకు అంత త్వరగా గిట్టదు, అది దాచను.

అనోడైజింగ్ అయితే డిఫ్యూజన్ డయాలిసిస్‌తో మొదలుపెట్టండి. రాగి, నికెల్ ఉన్న సల్ఫ్యూరిక్ అయితే నానో పైలట్ (చిన్న ప్రయోగ ప్లాంటు) అడగండి.

స్టెయిన్‌లెస్ పికిలింగ్ వాళ్లకు నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ కలిపిన యాసిడ్ ఖరీదైనది, పారబోస్తే ఫ్లోరైడ్ కూడా తగులుకుంటుంది. చిక్కటి యాసిడ్‌కి డిఫ్యూజన్ డయాలిసిస్, రిన్స్‌కి సున్నం. ఇక్కడ సున్నమే కావాలి, ఫ్లోరైడ్‌ని కాల్షియమే దించుతుంది. ఆ రిన్స్ నీళ్లలో గాజు పీహెచ్ ఎలక్ట్రోడ్ కూడా త్వరగా పోతుంది, స్పేర్ దగ్గర పెట్టుకోండి.

బల్క్ డ్రగ్ యూనిట్లు ముందు స్ట్రిప్పర్‌లో సాల్వెంట్‌ని ఆవిరిగా తీయాలి, తర్వాతే పొర మాట. చిక్కటి ఉప్పు నీళ్లు ఎలాగూ ఎవాపరేటర్‌కే వెళ్తున్నప్పుడు, పల్చని లైన్‌ని విడిగా పట్టి దానికే ఆర్వో పెడితే ఎవాపరేటర్ ఆవిరి ఖర్చు తగ్గుతుంది. రెండూ ఒకే సంపులో కలిపాక విడదీయడం ఎవరి వల్లా కాదు. ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, పటాన్‌చెరు చుట్టుపక్కల నక్కవాగు, ఇసుకవాగు నీళ్లు ఏమయ్యాయో, ఆ బావుల కింద పొలాలు ఏమయ్యాయో మన తరం కళ్లారా చూసింది. 1990లో ఆ కాలుష్యం కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫ్యాక్టరీ గోడ అవతల పోసినవి ఊరి బావిలో తేలతాయి.

స్లడ్జ్ లెక్క కూడా అందరికీ వర్తిస్తుంది. ప్లేటింగ్, పికిలింగ్ స్లడ్జ్ ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. దుండిగల్‌లోనో పరవాడలోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి మానిఫెస్ట్ (రవాణా కాగితం)తో పంపాల్సిందే. వాడేసిన యాసిడ్ అమ్మాలన్నా ప్రమాదకర వ్యర్థాల 2016 నియమాల ప్రకారం కొనేవాళ్లకు అనుమతి ఉండాలి. ఆ కాగితం కాపీ తీసుకోకుండా ఒక్క డ్రమ్ము కూడా గేటు దాటనివ్వకండి.

కొనే ముందు, కొన్నాక

వెండర్‌ని మెంబ్రేన్ ముక్కలు నాలుగు అడగండి, ఇస్తారు. మీ యాసిడ్ నీళ్లే ప్లాస్టిక్ సీసాలో పోసి, మీ బాత్ ఎంత వేడిగా ఉంటుందో అంత వేడిలో ఆ ముక్కలు నెల రోజులు నాననివ్వండి. ముందూ తర్వాతా ఉప్పు ఎంత ఆపుతున్నాయో వాళ్ల టెస్ట్ సెల్‌లోనే మీ ఎదుట చూపించమనండి. కేటలాగులో పీహెచ్ పరిధి మామూలు వేడి దగ్గరిది. 45 డిగ్రీల దగ్గర అదే యాసిడ్ చాలా త్వరగా కొరుకుతుంది.

పైలట్ పెడితే యాసిడ్ మార్చే రోజు అందులో పడేలా చూడండి. గ్యారంటీ పర్మియేట్ నాణ్యతకే కాదు, రిజెక్ట్ పరిమాణానికి కూడా రాయించండి.

ప్లాంటు నడిచిన మొదటి రోజే ఫీడ్ ప్రెషర్, పర్మియేట్ లీటర్లు, కండక్టివిటీ, నీళ్ల వేడి, రిజెక్ట్ పీహెచ్ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. ఆ మొదటి పేజీతో పోల్చడానికే తర్వాతి పేజీలన్నీ. అదే ప్రెషర్, అదే వేడి దగ్గర నీళ్లు 10 నుంచి 15 శాతం తగ్గితే ఆ వారమే కడిగించండి. సగానికి పడేదాకా ఆగితే హ్యాక్సా బ్లేడే గతి.